చలికి తట్టుకునే ఆర్కిడ్లు – ఐదో పాఠం: మొగ్గ మీదున్న కుండీని కదపకండి

ఈసారి నేరుగా కెమెరా దగ్గరికి వెళ్దామనుకున్నాను. కానీ నాలుగో పాఠం చదివాక మీరు పంపిన ఫొటోలు చూస్తే, ముందు ఆ గొడవ తేల్చక తప్పేలా లేదు. కొందరి సింబిడియం ఆర్కిడ్ల బల్బులు, అంటే ఆకుల మొదట్లో నీరు దాచుకునే ఉబ్బెత్తు కాండాలు, ముడతలు పడిపోయాయి. ఇంకొందరి మొగ్గలు పసుపు పచ్చబడి ఒక్కొక్కటే రాలిపోయాయి.

ముడతల సంగతి. నాలుగో పాఠంలో చలికాలంలో నీళ్లు ఆపమన్నది డెండ్రోబియం నోబిలి అనే ఆర్కిడ్‌కు, సింబిడియంకు కాదు. దానికి చలితో పాటు ఎండు విశ్రాంతి కూడా కావాలి. మొగ్గలు స్పష్టంగా కనబడకముందే నీళ్లూ ఎరువూ మొదలుపెడితే, కణుపుల దగ్గర పూలకు బదులు పిల్లమొక్కలు వస్తాయి. ప్లియోనీ అనే ఆర్కిడ్ అయితే ఆకులు రాల్చేసి ఉత్త బల్బుగా పడుకుంటుంది, దాని జోలికి వెళ్లక్కర్లేదు. సింబిడియం ఈ రెండింటి లాంటిది కాదు. ఎంత చలిలోనైనా వేళ్ల దగ్గర కాస్త తడి ఉండాలి. కుండీ ఎత్తి చూడండి, తేలిగ్గా అనిపిస్తే పొద్దున పూట పోయండి. సాయంత్రం పోస్తే ఆకుల మొదట్లో నీళ్లు నిలిచి, రాత్రి చలికి అక్కడే కుళ్లు మొదలవుతుంది. ఈ మొక్కలు చలిని ఓర్చుకుంటాయి, చలీ తడీ కలిసి వస్తే ఓర్చుకోలేవు.

మొగ్గలు రాలిన వాళ్లందరూ చేసిన పని ఒక్కటే: ఫొటో బాగా వస్తుందని కుండీని ఇంట్లోకి తెచ్చారు. రాత్రిపూట 10–14 డిగ్రీల చల్లదనానికి పూల కాడ వేసిన మొక్క అది. మూసిన గదిలో గాలి పొడిగా ఉంటుంది, వెలుతురు చాలదు, రాత్రి కూడా వెచ్చగానే ఉంటుంది. మొగ్గ దశలో రాత్రులు 15 డిగ్రీలు దాటితే రాలడం మొదలవుతుంది. పక్కన పండ్ల బుట్ట కూడా ఉంటే మరీ ప్రమాదం, పండే పండ్ల నుంచి వచ్చే ఎథిలీన్ అనే వాయువు మొగ్గలకు పడదు. లోపలికి తేవాలనే ఉంటే చివరి మొగ్గ కూడా విచ్చుకున్నాక తెచ్చుకోండి. నేనైతే అప్పుడూ తేను. కెమెరాకు కాళ్లుంటాయి గానీ కుండీకి ఉండవు.

ఇక నాకు ఒళ్లు మండే విషయం: కుండీ తిప్పడం. ఆకుల మొక్కలకు అన్ని వైపులా ఎండ తగలాలని వారానికోసారి తిప్పే అలవాటు చాలామందికి ఉంది. ఆకుల మొక్కలకు అది మంచిదే. కాడ వేసిన ఆర్కిడ్‌కు మాత్రం అదే చేటు.

ఎందుకో చెప్తాను. చాలా ఆర్కిడ్ల మొగ్గలో లిప్పు, అంటే ఆ వెడల్పాటి కింది రేకు, మొదట పైవైపున ఉంటుంది. మొగ్గ పెరిగే కొద్దీ దాని తొడిమ మెలితిరిగి, లిప్పు కిందికి వచ్చి, పురుగు వాలడానికి అరుగులా నిలబడుతుంది. దాదాపు 180 డిగ్రీల తిరుగుడు. ఈ తిరుగుడుకి దారి చూపేవి రెండే: నేల ఏ వైపు లాగుతోంది, వెలుతురు ఏ వైపు నుంచి వస్తోంది. ఆ పని సగంలో ఉండగా మీరు కుండీ తిప్పారనుకోండి. కింది పూలు అప్పటికే ఒక వైపు చూస్తుంటాయి, పైవి కొత్త వెలుతురు వైపు తిరుగుతాయి, మధ్యవి ఎటూ కాకుండా ఆగిపోతాయి. కాడ కూడా పాములా వంకర తిరుగుతుంది. ఊడ్చేటప్పుడు జరిపినా, నీళ్లు పోయడానికి తీసి ఇంకోలా పెట్టినా, ఫొటో కోసం ఒక్క పూట అటు తిప్పి మర్చిపోయినా ఫలితం ఇదే. కుండీని పక్కకు ఒరగబెట్టినా అంతే. ఒకసారి విచ్చుకున్న పువ్వును ఇక సరిచేయలేం, ఏ కెమెరా దాన్ని దాచలేదు.

కాడ కనబడిన రోజే కుండీకి వెలుతురు వైపున తెల్ల పెయింట్‌తో చుక్క పెట్టండి. ఎప్పుడు తీసినా చుక్క అటే ఉండాలి. ఈ ఒక్క చుక్కతో సగం తలనొప్పులు పోతాయి.

కాడో, పిలకో తెలియట్లేదని చాలామంది అడిగారు. గుండ్రంగా, ఉబ్బుగా ఉండి, మెల్లగా నొక్కితే మెత్తగా తగిలేది కాడ. చదునుగా ఉండి, త్వరలోనే ఆకులుగా విడిపోయేది పిలక. కాడకు పుల్ల కట్టడం మధ్యాహ్నం, నీళ్లు పోయకముందు చేయండి. నీళ్లు తాగిన కాడ బిరుసుగా ఉండి పుటుక్కున విరుగుతుంది.

ఇప్పుడు ఫొటో. ట్రైపాడ్, మబ్బు వెలుతురు, ఫ్లాష్ ఆపేయడం గురించి మళ్లీ చెప్పను. పువ్వు విచ్చుకున్న రోజే తొందరపడకండి, నాలుగైదు రోజులకు రేకులు పూర్తిగా చాచుకుని రంగు తేరుకుంటుంది. ఫోకస్ పువ్వు మధ్యలో చిన్న స్తంభంలా ఉండే కాలమ్ కొన మీదా, లిప్పు ముందు అంచు మీదా పడాలి. రెండూ ఒకేసారి స్పష్టంగా రావాలంటే అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/11 దగ్గర పెట్టండి. ఎఫ్/16 దాటితే బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. ఫోనైతే మీద పడిపోకుండా వెనక్కి జరిగి, రెండింతల జూమ్ వాడండి.

తెల్ల పువ్వులు, ఉదాహరణకి సీలోజినీ క్రిస్టాటా, ఫ్రేమంతా నిండితే కెమెరా వాటిని బూడిదరంగు చేస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుతురు, ఒక స్టాప్ (రెట్టింపు) దాకా పెంచండి. అదే పువ్వు చీకటి నేపథ్యంలో చిన్నగా ఉంటే కెమెరా ఉల్టాగా పనిచేస్తుంది, రేకుల ఈనెలు మాయమైపోతాయి, అప్పుడు తగ్గించాలి. ముదురు గులాబీ సింబిడియంకైతే హిస్టోగ్రామ్‌లో, అంటే కెమెరా చూపే వెలుతురు గ్రాఫ్‌లో, ఎరుపు గీతను విడిగా చూడండి. మిగతావన్నీ బాగున్నట్టే ఉండి ఎరుపు ముందుగా హద్దు దాటి, ఈనెలూ ఛాయలూ లేకుండా ఒకే ముద్దగా మారిపోతుంది. నల్ల వెల్వెట్ గుడ్డ కట్టడం నాకు నచ్చదు, వెనక నీడలో ఉన్న ఆకులు చాలు.

దుమ్ము దులపడానికి బ్రష్ వాడితే కాలమ్ కొనకు తగలనివ్వకండి. అక్కడ గోరంత మూత కింద పుప్పొడి ముద్దలుంటాయి. మూత ఊడితే పువ్వు తనలోనే ఎథిలీన్ తయారుచేసుకుంటుంది. సింబిడియం లిప్పు ఎర్రబడుతుంది, వారాల తరబడి ఉండాల్సిన పువ్వు త్వరగా వాడిపోతుంది. నోటితో మెల్లగా ఊదితే చాలు.

అభ్యాసం: ఒకే కాడను, కదపని ట్రైపాడ్ నుంచి, రోజూ ఒకే వేళకు, మొగ్గ ఉబ్బిన దగ్గర్నుంచి చివరి పువ్వు దాకా తీయండి. ప్రతి ఫొటో పక్కన ముందు రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత రాయండి. మధ్యలో ఒక్క రోజు తప్పినా మొదటి నుంచి చేయక్కర్లేదు, కానీ ఆ ఖాళీని ఖాళీగానే వదలండి, మరునాటి ఫొటోతో పూడ్చొద్దు. వరసగా పెట్టి చూస్తే మొగ్గ ఏ రోజు మెలితిరిగిందో మీకే కనబడుతుంది. ఆ తేదీ లేకుండా ఆరో పాఠం మొదలుపెట్టకండి, కుండీ మార్పు లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.