లెక్క చదువుదాం – 5వ పాఠం: అమ్మిన ఫోన్లు, మిగిలిన డబ్బు

కిందటి పాఠంలో స్థూల లాభానికీ (అమ్మిన డబ్బులోంచి సరుకు ఖర్చు తీస్తే మిగిలేది) నికర లాభానికీ (అన్ని ఖర్చులూ పోగా మిగిలేది) తేడా చూశాం. అభ్యాసం లెక్కలు పంపినవాళ్ళలో ఎక్కువమంది సరిగ్గానే చేశారు. పాలకొల్లులో సెల్ షాపు నడుపుతున్న ఒక పాఠకుడు లెక్కతో పాటు ఒక సందేహం కూడా రాశాడు. "మాస్టారూ, మా షాపుకొచ్చే కంపెనీవాళ్ళందరూ మేమే నంబర్ వన్ అంటారండి. అందరూ నంబర్ వన్ ఎలా అవుతారండి? ఎవరి సరుకు పెట్టుకుంటే నాలుగేళ్ళ తరవాత కూడా ఆ కంపెనీ ఉంటుందండి?"

ఈ పాఠమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఫోన్లు తయారుచేసే కంపెనీకి లాభమే ముఖ్యం. మార్కెట్ వాటా అన్నది ఆ లాభం రేపు ఉంటుందా పోతుందా అని చెప్పే ఆనవాలు. అయితే ఆ ఆనవాలుని చదవడం రావాలి.

పేపర్లో "వాటా" కనిపించగానే దేంట్లో వాటా అని అడగండి. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల రైతులకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కిలోకి 100 తూగితే 100 కౌంట్, 30 తూగితే 30 కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, కిలో రేటూ ఎక్కువ. కొనడానికి వచ్చినవాడు చెరువులో ఎన్ని రొయ్యలున్నాయని అడగడు. కౌంట్ ఎంత, ఎన్ని టన్నులు దిగుతుంది అంటాడు. పిల్ల ఒత్తుగా వేసి 100 కౌంట్‌లోనే పట్టుబడి చేసిన రైతుకి రొయ్యలు లెక్కకి ఎక్కువే ఉంటాయి. మేత, కరెంటు, మందులు పోగా చేతికి ఎంత వచ్చిందన్నది వేరే లెక్క. ఫోన్ల వార్తల్లో వాటా అంటే చాలాసార్లు ఎన్ని ఫోన్లు అన్న లెక్కే తప్ప, ఎంత రేటువి అన్నది అందులో ఉండదు.

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. ఒక ఊళ్ళో నెలకి 100 ఫోన్లు అమ్ముడవుతున్నాయనుకుందాం. కంపెనీలు రెండే. "క" కంపెనీవి 70 ఫోన్లు, ఒక్కోటి 10,000 రూపాయలు, ఫోనుకి కంపెనీకి మిగిలేది 200. "ఖ" కంపెనీవి 30 ఫోన్లు, ఒక్కోటి 60,000, మిగిలేది 12,000.

సంఖ్యలో చూస్తే క వాటా 70 శాతం. విలువలో చూడండి: క అమ్మకం 7 లక్షలు, ఖ అమ్మకం 18 లక్షలు, మొత్తం 25 లక్షలు. అంటే విలువలో ఖ వాటా 72 శాతం. ఇక లాభం: క మొత్తం లాభం 14,000, ఖ లాభం 3,60,000. ఇద్దరి లాభం కలిపి వంద భాగాలు చేస్తే క వంతుకి నాలుగు భాగాలు కూడా సరిగ్గా రావు. ఊరు ఒకటే, నెల ఒకటే, ఇద్దరూ మేమే నంబర్ వన్ అని బోర్డు పెట్టుకోవచ్చు, ఇద్దరిదీ అబద్ధం కాదు.

ఇది కాగితం మీద పుట్టిన ఉదాహరణ అనుకోకండి. ఫోన్ల మార్కెట్‌ని లెక్కగట్టే కౌంటర్‌పాయింట్ సంస్థ ప్రకారం 2024లో మన దేశంలో ఫోన్ల సంఖ్యలో మొదటి స్థానం వివోది, విలువలో మొదటి స్థానం ఆపిల్‌ది. అదే సంస్థ 2022కి వేసిన ప్రపంచ లెక్కలో ఆపిల్ పంపిన ఫోన్లు ఐదింట ఒక వంతుకి కూడా తక్కువే. స్మార్ట్‌ఫోన్ తయారీదారులందరి నిర్వహణ లాభంలో (వడ్డీ, పన్నులు తీయకముందు వ్యాపారంలో మిగిలేది) మాత్రం 80 శాతానికి పైగా ఒక్క ఆపిల్‌కే వెళ్ళింది.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఐడీసీ లాంటి మార్కెట్ లెక్కల సంస్థలు మూడు నెలలకోసారి ఇచ్చే వాటాలు షిప్‌మెంట్ల మీద కట్టినవి. అంటే కంపెనీ దగ్గర్నుంచి డిస్ట్రిబ్యూటర్లకీ షాపులకీ వెళ్ళిన ఫోన్లు. అవి మన చేతికి వచ్చాయా లేదా అన్నది వేరే సంగతి. మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలాఖర్లలో సెల్ షాపులో కూర్చుంటే ఇది కళ్ళకి కనిపిస్తుంది. ఇంకో 10 పెట్టెలు ఎత్తితే టార్గెట్ అవుతుంది, స్కీమ్ వస్తుంది అంటూ డిస్ట్రిబ్యూటర్ మనిషి ఫోన్ మీద ఫోన్ చేస్తాడు. షాపాయన ఎత్తుతాడు. కంపెనీ లెక్కలో అవి వెళ్ళిపోయిన ఫోన్లు, షాపాయన లెక్కలో అల్మరాలో ఇరుక్కున్న డబ్బు. కొత్త మోడల్ దిగిందంటే రేటు పడుతుంది. అలా తోసిన వాటాకి వచ్చే మూడు నెలల్లో కంపెనీ కూడా మూల్యం చెల్లించాలి, ఎందుకంటే పాత సరుకు కదిలేదాకా షాపు కొత్తది ఎత్తదు.

వాటా కోసం రేటు తగ్గిస్తే ఏమవుతుందో మన లెక్కలోనే చూద్దాం. ఖ కంపెనీ 60,000 ఫోనుని 54,000కి ఇచ్చిందనుకోండి. తగ్గింది 10 శాతమే. లాభం మాత్రం 12,000 నుంచి 6,000కి పడిపోయి సగమైంది. పాత లాభమే రావాలంటే 30 ఫోన్లకి బదులు 60 అమ్మాలి. క కంపెనీ సంగతి ఇంకా కష్టం: ఫోనుకి 200 తగ్గిస్తే చాలు, లాభం సున్నా. ఎన్ని అమ్మినా సున్నాయే. ఈ రెండు లెక్కలూ చూడకుండా చేసి చూడండి. ఈ పాఠంలో మిగతాదంతా మరిచిపోయినా ఇది చేతికి రావాలి.

మరి వాటా వల్ల ఉపయోగం లేదా అంటే ఉంది, అది ఎవరికన్నది చూడాలి. గూగుల్‌కి ఉంది. ఆండ్రాయిడ్‌ అసలు పునాదిని అది ఉచితంగా ఇస్తుంది. దాని రాబడి సెర్చ్‌లో, ప్రకటనల్లో, ప్లే స్టోర్‌లో. ఎవరి ఫోనైనా సరే, ఎక్కువ చేతుల్లోకి వెళ్ళాలి. ఆ ఆండ్రాయిడ్ ఫోన్లు తయారుచేసేవాళ్ళ పరిస్థితి వేరు. కాంటాక్టులు, ఫొటోలు, యాప్‌లు అన్నీ పక్క బ్రాండ్‌లోకి ఒక్క పూటలో వచ్చేస్తాయి కాబట్టి కొనేవాణ్ణి పట్టి ఉంచేది రేటే. అందుకే అక్కడ అంత కొట్లాట, అంత సన్నటి లాభం. షావోమీ 2018లో హార్డ్‌వేర్ మీద నికర లాభం 5 శాతం దాటనివ్వమని బహిరంగంగానే మాట ఇచ్చింది. అది దానధర్మం కాదు. ఫోను చేతిలో పెట్టాక యాప్‌లు, ప్రకటనలు, టీవీలు, ఇతర వస్తువుల మీద సంపాదించాలన్నది దాని లెక్క. అలాంటి కంపెనీకి వాటాయే పెట్టుబడి. శాంసంగ్‌ది ఇంకో దారి, మెమరీ చిప్‌లు, తెరలు సొంతంగా చేస్తుంది కనుక ఎన్ని ఫోన్లు పోతే ఆ ఫ్యాక్టరీలకి అంత పని.

ఆపిల్‌కి ఫోను అమ్మిన తరవాత వచ్చే రాబడి కూడా ఎక్కువే. 2023 ఆర్థిక సంవత్సరంలో దాని వస్తువుల మీద స్థూల లాభం నూటికి 36 పైచిలుకు, సేవల (యాప్ స్టోర్, ఐక్లౌడ్ లాంటివి) మీద దాదాపు 71. ఐఫోన్‌లో మనం వెతికేది గూగుల్‌లోనే ఉండేలా చూసినందుకు గూగుల్ 2022లో ఆపిల్‌కి 2,000 కోట్ల డాలర్లు ఇచ్చిందని అమెరికా కోర్టు పత్రాల్లో బయటపడింది.

వాటా ఉండి మునిగిన కంపెనీని చూడాలంటే ఎల్‌జీని చూడండి. 2021 ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారం మూసేస్తున్నామని ప్రకటించేనాటికి ఉత్తర అమెరికాలో దానిది మూడో స్థానం, వాటా దాదాపు 10 శాతం. కానీ అప్పటికి వరసగా 23 త్రైమాసికాల (మూడేసి నెలల) నష్టం, మొత్తం సుమారు 450 కోట్ల డాలర్లు. వాటా ఆ నష్టాన్ని ఆపలేదు.

అలాగని లాభం ఒక్కటే చూసుకుని నిశ్చింతగా ఉండకూడదు. బ్లాక్‌బెర్రీ 2010-11లో 340 కోట్ల డాలర్ల నికర లాభం చూపించింది, అంతకుముందెప్పుడూ అంత లేదు. అప్పటికే అమెరికాలో దాని వాటా జారిపోతోంది. మూడేళ్ళు తిరిగేసరికి, 2013-14లో, దాదాపు 590 కోట్ల డాలర్ల నష్టం. 2007 చివర్లో అమ్ముడైన ప్రతి 10 సెల్‌ఫోన్లలో దాదాపు 4 నోకియావి, లాభమూ దండిగానే ఉండేది. 2014లో ఆ ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్ళింది, మరుసటి ఏడాదే మైక్రోసాఫ్ట్ 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసుకుంది. నోకియా నమ్ముకున్న మైక్రోసాఫ్ట్ విండోస్‌తో నడిచే ఫోన్లు తక్కువని యాప్‌లు చేసేవాళ్ళు రాలేదు, యాప్‌లు లేవని కొనేవాళ్ళు రాలేదు. కనుక ఈ ఏడాది లాభం ఎంతో చూశాక, వాటా ఏ దిక్కుగా కదులుతోందో కూడా చూడాలి. స్థానం కన్నా దిక్కు ముఖ్యం.

ఇప్పుడు పాలకొల్లు సోదరుడికి జవాబు. ఆ కంపెనీ నాలుగేళ్ళు ఉంటుందా అంటే ఫోన్ల విభాగం లాభనష్టాలు కనీసం 8 త్రైమాసికాలు వరసగా చూడండి, బోర్డు మీద అంకె చూడకండి. కానీ మీ షాపు లెక్క కంపెనీ లెక్క కాదు. మీ దగ్గర 60,000 రూపాయలు ఉన్నాయనుకోండి. ఒక ఖరీదైన ఫోను పెడితే రెండు నెలలకి అమ్ముడై 1,500 మిగిలింది. అదే డబ్బుతో 10,000 ఫోన్లు ఆరు పెడితే ఒక్కోదానికి 400 మిగిలి, పదిహేను రోజులకోసారి డబ్బు తిరిగొచ్చింది. రెండు నెలల్లో నాలుగు తిరుగుళ్ళు, తిరుగుడికి 2,400, మొత్తం 9,600. మీకు వాటా ఉన్న బ్రాండే అన్నం పెడుతుంది, ఆ బ్రాండ్ యజమానికి లాభం రాకపోయినా సరే. అయితే ఆ యజమాని నష్టాల్లో ఉంటే సర్వీస్ సెంటరూ స్పేర్ పార్టులూ ముందు తగ్గుతాయి, కొన్నవాళ్ళు నిలదీసేది మిమ్మల్నే. అందుకని వేగంగా తిరిగే సరుకు ఎక్కువ పెట్టండి, ఒక్క బ్రాండ్ మీదే కూర్చోకండి.

అభ్యాసం. తెలిసిన సెల్ షాపులో అడిగి, అమ్ముడవని పెట్టెల వెనక స్టిక్కరు చూడండి. ఎమ్మార్పీ పక్కనో కిందో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. మూడు బ్రాండ్లవి ఐదేసి పెట్టెలు తీసుకుని, ఒక్కోటి తయారై ఎన్ని నెలలైందో రాసి బ్రాండ్ వారీగా సగటు కట్టండి. తరవాత ఆ మూడింటిలో ఈ త్రైమాసికం వాటా పెరిగిందని చెప్పుకున్నది ఏదో వార్తల్లో వెతికి, మీ సగటు పక్కన రాయండి. రెండో లెక్క: క కంపెనీ రేటుని 500 పెంచితే అమ్మకం 70 నుంచి 25కి పడిపోయింది. కంపెనీకి లాభమా నష్టమా? షాపుకి?

6వ పాఠంలో నిల్వ సరుకుని బ్యాలెన్స్ షీట్‌లో ఎక్కడ వెతకాలో చూద్దాం. మీరు రాసిన నెలల సగటు అప్పుడు కావాలి, కాగితం పారేయకండి.