డర్రీకి, పసుపుకి సుంకం రాయితీ దక్కకపోతే: సమస్య - పరిష్కారం

సమస్య: యూరప్‌కు పంపిన వరంగల్ కొత్తవాడ డర్రీలను (నేత తివాచీలను) 5702 99 కోడ్ (సరుకు రకాన్ని తెలిపే కస్టమ్స్ అంకె) కింద చూపితే 8 శాతం సుంకం పూర్తిగా పడింది. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

కారణం: తప్పు కాగితాల్లో లేదు. జీఎస్‌పీ అంటే సంపన్న దేశాలు వర్ధమాన దేశాలకు తమంతట తామిచ్చే తగ్గింపు. ఒక రంగం ఎగుమతులు హద్దు దాటితే ఆ రంగాన్ని తీసేస్తాయి. యూరోపియన్ యూనియన్ 2014 జనవరి 1న మన జౌళిని అలాగే తప్పించింది. కస్టమ్స్ కోడ్‌ల పట్టికలో డర్రీలుండే 57వ అధ్యాయం అందులోదే. అమెరికా 2019 జూన్ 5న మన దేశాన్నే జాబితాలోంచి తొలగించింది.

పరిష్కారం: ధర చెప్పకముందే మీ కోడ్‌కు ఆ దేశంలో ఇవాళ ఉన్న సుంకం చూసుకోండి. పోయిన జీఎస్‌పీ కోసం ఎదురుచూడొద్దు. ఇచ్చిపుచ్చుకునే ఒప్పందమొక్కటే నిలకడైన దారి.

సమస్య: దుబాయ్ ఉన్న యూఏఈతో మన దేశానికి సుంకం రాయితీ ఒప్పందం 2022 మే 1 నుంచి ఉంది. అయినా 5 శాతం వేశారు.

కారణం: వాణిజ్య చాంబర్ ఇచ్చే మామూలు సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఏ దేశానిదో చెప్పే పత్రం) పంపి ఉంటారు. అది రాయితీకి చెల్లదు. లేదా ఇన్వాయిస్‌లో "కాటన్ బెడ్‌షీట్" అని, సర్టిఫికెట్‌లో "కాటన్ డర్రీ" అని రాసి ఉంటారు. ఈ ఒక్క మాటకే సరుకు ఆగుతుంది.

పరిష్కారం: డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) ఆన్‌లైన్ వేదికలో ఆ ఒప్పందం పేరు ఎంచుకుని, డిజిటల్ సంతకంతో దరఖాస్తు చేయండి. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, షిప్పింగ్ బిల్లు, సర్టిఫికెట్ నాలుగింటిలో సరుకు పేరు, కోడ్‌లో మొదటి 6 అంకెలు ఒకటే ఉండాలి.

సమస్య: నిజామాబాద్ పసుపు పొడిని "మీ దేశపుది కాదు" అన్నారు.

కారణం: దిగుమతి కొమ్ములు కలిశాయి. కొమ్ముకూ పొడికీ 0910 30 ఒక్కటే కోడ్ కాబట్టి, ఆడించినంత మాత్రాన కోడ్ మారదు, పుట్టుక మారదు.

పరిష్కారం: మార్కెట్ యార్డు కొనుగోలు రసీదులు లాట్‌వారీగా దాచండి. దిగుమతి సరుకు వేరే గోదాములో పెట్టండి.

సమస్య: కొత్త ఒప్పందంపై వాణిజ్య శాఖ అభిప్రాయాలు అడిగింది. సంఘం రాసిన లేఖకు విలువ దక్కలేదు.

కారణం: "నేతన్నలను ఆదుకోండి" అని రాస్తే చర్చల బల్ల మీద పనికిరాదు. అక్కడ మాట్లాడుకునేది కోడ్‌లు, శాతాలు.

పరిష్కారం: 8 అంకెల కోడ్, అక్కడ ఇప్పుడున్న సుంకం, పోటీ దేశం కట్టే సుంకం, మీ విలువ జోడింపు రాయండి. ఉదాహరణకు డర్రీ ఎఫ్‌ఓబీ ధర (ఓడకెక్కించే వరకు అయ్యే ధర) రూ.2,000, అందులో దిగుమతి రంగులు రూ.150 అనుకుందాం. మిగిలిన 1,850ని 2,000తో భాగిస్తే విలువ జోడింపు 92.5 శాతం. నూలు ఇక్కడిదే కాబట్టి మగ్గం సరుకుకు కఠినమైన పుట్టుక నిబంధన (సరుకు ఏ దేశానిదో తేల్చే నియమం) కూడా అడగొచ్చు. పరాయి నూలుతో యంత్రం మీద చేసి మన పేరుతో పంపేవారిని అది అడ్డుకుంటుంది. వరంగల్ డర్రీకి 2018లో వచ్చిన జీఐ (భౌగోళిక) గుర్తింపునూ జతచేయండి. అది సుంకం తగ్గించదు, పేరు కాపాడుతుంది. సుంకం తగ్గింపు, పేరు రక్షణ రెండూ వేర్వేరు పేరాల్లో అడగండి.