మంచు తుఫాను వెలిసింది, బడి తెరవాలా వద్దా? సమస్యను బట్టి నిర్ణయం

మంచు తుఫాను వెలిసిన మర్నాడు డాలస్, అట్లాంటా, ఉత్తర వర్జీనియాల్లోని మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గొడవ. "మా వీధి శుభ్రంగా ఉంది, ఎండ కూడా కాస్తోంది, ఇంకా సెలవేంటి?" అని సగం మంది. "పక్క డిస్ట్రిక్ట్ మూసేసింది, మనవాళ్లకి బుద్ధి లేదా?" అని మిగతా సగం. మన ఊళ్లలో అయితే తుఫాను సెలవు కలెక్టర్ గారు ప్రకటిస్తారు, జిల్లా అంతటికీ అదే మాట. ఇక్కడ అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే జిల్లా కాదు, ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ. ఏ డిస్ట్రిక్ట్‌కు ఆ సూపరింటెండెంటే కలెక్టరు. టెక్సస్‌లోనే అలాంటి డిస్ట్రిక్టులు వెయ్యికి పైగా ఉన్నాయి. ఫ్రిస్కో సిటీనే తీసుకోండి. ఇల్లు ఎక్కడుందన్నదాన్ని బట్టి పిల్లలు ఫ్రిస్కో, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్, ప్రాస్పర్ డిస్ట్రిక్టుల్లో ఏదో ఒకదాని కిందికి వస్తారు. అందుకే ఒకే ఊళ్లో ఒక ఇంట్లో సెలవు, నాలుగు వీధుల అవతల బడి.

మొదటి బస్సులు తెల్లారకముందే బయల్దేరాలి కాబట్టి నిర్ణయం ఐదు, ఐదున్నరకల్లా అయిపోవాలి. ఆ వేళలో ఏం చూడాలి, కనిపించినదాని వెనక కారణమేంటి, దానికి ఏం చెయ్యాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను. క్యాంపస్ కమిటీల్లో ఉన్న మనవాళ్లకూ, పిల్లల్ని పంపాలా మానాలా అని ఇంట్లో తర్జనభర్జన పడేవాళ్లకూ పనికొస్తుంది. నా పక్షపాతం ముందే చెప్పేస్తాను: ఎన్ని అంగుళాలు పడిందన్నది నాకు పెద్ద లెక్క కాదు. డిస్ట్రిక్ట్ మొత్తంలో అన్నిటికన్నా చెడ్డ రోడ్డు ఎలా ఉంది, అన్నిటికన్నా పాత భవనం ఎలా ఉంది, అది చెప్పండి చాలు.

సమస్య: నిన్న మధ్యాహ్నం ఆరిన రోడ్డు ఈ పొద్దున జారుతోంది

దక్షిణాది రాష్ట్రాల్లో జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. పగలు ఎండకు కరిగిన నీళ్లు రోడ్డు మీదికి పారతాయి. పొద్దుగూకాక ఉష్ణోగ్రత 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి, అంటే సెల్సియస్‌లో సున్నా కిందికి దిగగానే ఆ నీళ్లే పలచగా గడ్డకడతాయి. అడుగున తారు నల్లగా కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి తడి రోడ్డో బ్లాక్ ఐసో డ్రైవరుకు తెలియదు. వంతెనలు, ఫ్లైఓవర్లు ఇంకా ముందే గడ్డకడతాయి. వాటికి నేల వేడి అందదు, పైనా కిందా చలిగాలే.

ఉప్పు చల్లారు కదా అంటారు. ఉప్పుకూ ఓ హద్దుంది. 30 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఒక పౌను ఉప్పు 46 పౌన్ల మంచును కరిగిస్తుంది. 20 డిగ్రీల దగ్గర అదే పౌను ఉప్పుతో 9 పౌన్లు కూడా కరగవు. 15 కిందికి దిగిందంటే మామూలు రాతి ఉప్పు మీద ఆశ వదులుకోవడమే. పైగా ఉప్పు బండ్లు ముందు వెళ్లేది హైవేలకు, వంతెనలకు, పెద్ద రోడ్లకు. సబ్‌డివిజన్‌లోని వీధులకు సూర్యుడే దిక్కు. స్కూల్ బస్సు తిరిగేదేమో ఆ వీధుల్లోనే.

పరిష్కారం: ఇప్పుడు ఎన్ని డిగ్రీలన్నది కాకుండా, ఉష్ణోగ్రత మళ్లీ ఏ గంటకు 32 దాటుతుందన్నది చూడాలి. నేషనల్ వెదర్ సర్వీస్ గంటగంటకూ ఇచ్చే అంచనాలో ఇది దొరుకుతుంది. తొమ్మిది లోపు దాటుతుంది, ఎండ కాస్తుంది అంటే రెండు గంటల డిలే, అంటే బడి రెండు గంటలు ఆలస్యంగా తెరవడం, సరిపోతుంది. మధ్యాహ్నం దాకా దాటదంటే డిలే పెట్టి లాభం లేదు, మూసెయ్యడమే మంచిది. నాలుగు గంటలకు రోడ్లు చూడ్డానికి బండ్లు పంపేటప్పుడు పెద్ద రోడ్ల మీద తిప్పి "బాగానే ఉంది" అనిపించుకోకూడదు. చెట్ల నీడలో ఉండే పల్లపు రోడ్డు, ఊరి చివరి చిన్న వంతెన, బస్సు మలుపు తిరగాల్సిన ఇరుకు మూల, వీటిని చూసి రమ్మనాలి. మనం చెయ్యగలిగింది కూడా ఉంది: మన డ్రైవ్‌వే ఫొటో పెట్టి వాదించడం మానెయ్యడం.

సమస్య: పొద్దున తెరిచారు, పిల్లలు లోపలికి వెళ్లాక మంచు మొదలైంది

అన్ని తప్పుల్లోకీ ఖరీదైన తప్పు ఇది. 2014 జనవరి 28న అట్లాంటాలో ఏమైందో అక్కడ అప్పట్నుంచీ ఉంటున్న తెలుగువాళ్లు ఎవరిని అడిగినా చెబుతారు. పడింది రెండున్నర అంగుళాల పైచిలుకు మంచు, అంతే. తుఫాను హెచ్చరిక ఆ తెల్లవారుజామునే వచ్చింది. అయినా బడులు తెరిచారు. మంచు పడటం మొదలయ్యాక బడులు, ప్రభుత్వ కార్యాలయాలు, ప్రైవేటు ఆఫీసులు మధ్యాహ్నం ఇంచుమించు ఒకే సమయంలో వదిలారు. ఊరంతా ఒక్కసారిగా రోడ్డెక్కింది. ఆ రద్దీలో ఉప్పు బండ్లు కదల్లేదు, చక్రాల కింద మంచు నలిగి గట్టిపడింది. వేలమంది పిల్లలు ఆ రాత్రి బడుల్లోనే పడుకున్నారు. కొందరు బస్సుల్లోనే గంటల తరబడి ఇరుక్కుపోయారు. మర్నాడు కూడా చలి తగ్గక రోడ్లు తేరుకోలేదు.

మంచు పరిమాణం తక్కువే, పడిన వేళే కొంప ముంచింది. ఆ మరుసటి ఏడాది, 2015 జనవరి 6న, వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ బడులు కూడా సరిగ్గా పొద్దున ప్రయాణాల వేళకు మంచు పడుతుంటే తెరిచే ఉంచాయి. బస్సులు ఆలస్యమయ్యాయి, కార్లు గుద్దుకున్నాయి, డిస్ట్రిక్ట్ క్షమాపణ చెప్పుకుంది.

పరిష్కారం: మొదటి తుఫాను వెనకాలే రెండో విడత వచ్చే అవకాశం ఉంటే, అది బడి వేళల్లో పడేలా ఉంటే తెరవకూడదు. తెరిచాక పరిస్థితి మారితే ఏం చెయ్యాలన్నదే కష్టం. నా ఉద్దేశంలో, అందర్నీ ఒకేసారి తోలెయ్యడం కన్నా బడిలో ఉంచడమే నయం. అక్కడ పైకప్పు ఉంది, వేడి ఉంది, వంటగది ఉంది. ముందుగానే వదలక తప్పదంటే దూరపు రూట్ల బస్సులు మొదట, ఎలిమెంటరీ పిల్లలు మొదట, ఇంట్లో మనిషి ఉన్నట్టు తేలాకే. తలుపు దగ్గర దింపేసి వెళ్లిపోతే ఐదేళ్ల పిల్ల తాళం వేసిన ఇంటి ముందు నిలబడుతుంది. నాన్న ఆఫీసు నుంచి బయల్దేరి హైవే మీద ఆగిపోయి ఉంటాడు. అందుకే స్కూలుకిచ్చే ఎమర్జెన్సీ కార్డులో నడిచి వచ్చి పిల్లల్ని తీసుకెళ్లగల పక్కింటివాళ్ల పేరు ఒకటి ఉండాలి. మనవాళ్లు చాలామంది అక్కడ భార్యాభర్తల నంబర్లే రాసి వదిలేస్తారు.

సమస్య: రోడ్లు బాగున్నాయి, బస్సులు మాత్రం రాలేదు

బస్సుల్లో పోసే మామూలు నెంబర్ టూ డీజిల్‌లో మైనం ఉంటుంది. చలి బాగా ముదిరితే అది పేరుకుని ఫిల్టర్‌ను మూసేస్తుంది. బ్యాటరీ బలం సున్నా ఫారెన్‌హీట్ దగ్గర సగానికి పైగా పడిపోతుంది. ఎయిర్ బ్రేకు గొట్టాల్లో తేమ ఉంటే గడ్డకడుతుంది. మిన్నెసోటాలో ఇవన్నీ నవంబరులోనే చూసుకుంటారు. టెక్సస్‌లో ఏళ్ల తరబడి అవసరం పడదు కాబట్టి అవసరం పడ్డ రోజున ఎవరికీ గుర్తుండదు. తుఫానుకు ముందే చలికాలపు డీజిల్ కలపాలి, రాత్రి రెండు మూడుసార్లు ఇంజన్లు ఆన్ చెయ్యాలి.

డ్రైవర్ల సంగతి ఇంకోటి. బస్సు డ్రైవర్లు, వంటవాళ్లు, సహాయకులు చాలాచోట్ల ఆ డిస్ట్రిక్ట్‌లో ఇల్లు కొనగలిగే స్థోమత లేక దూరం నుంచి వస్తారు. ఫ్రిస్కోలో రోడ్డు ఎంత బాగున్నా, డ్రైవరు ఉండేచోట మంచు ఉంటే బస్సు కదలదు. ముందురోజు సాయంత్రమే ఎంతమంది రాగలరని ఫోన్లు చేసి లెక్క తీసుకోవాలి. ఆ లెక్క లేకుండా తీసుకున్న నిర్ణయం నిర్ణయమే కాదు.

సమస్య: మంచు లేదు, చలి మాత్రం కోసేస్తోంది

ఇక్కడ చూడాల్సింది విండ్ చిల్. సున్నా ఫారెన్‌హీట్ దగ్గర గంటకు 15 మైళ్ల గాలి వీస్తే ఒంటికి తగిలేది మైనస్ 19. బయటికి కనిపించే చర్మం అరగంటలో దెబ్బతింటుంది. ప్రశ్న ఒక్కటే: ఆలస్యమైన బస్సు కోసం పిల్ల ఎంతసేపు నిలబడాలి? పైగా టెక్సస్‌లో బడికి రెండు మైళ్లలోపు ఉన్నవాళ్లకు మామూలుగా బస్సు ఉండదు. వాళ్లు నడవాలి, లేదా ఎవరైనా దింపాలి. రోడ్డు మంచును పక్కకు తోసి కాలిబాట మీద గుట్టపోస్తే ఆ పిల్లలు రోడ్డు మధ్యన నడుస్తారు. కాలిబాటలు, వీల్‌చెయిర్ ర్యాంపులు శుభ్రం కాకుండా "రోడ్లు తెరుచుకున్నాయి" అనడం సగం మాటే.

సమస్య: కరెంటొచ్చింది, బడి తెరిచారు, తర్వాత సీలింగు ఊడిపడింది

నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, పైపు చీలుతుంది. అయితే గడ్డగా ఉన్నంతసేపూ చుక్క కారదు. కరిగాకే వరద. 2021 ఫిబ్రవరి తుఫానులో టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు పోయింది. డాలస్‌లో ఫిబ్రవరి 16న మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్ నమోదైంది. ఐదు రోజులకు పైగా ఉష్ణోగ్రత 32 దాటలేదు. ఎండ వచ్చాకే ఇళ్లలో, బడుల్లో పైపుల సంగతి బయటపడింది. మన ఇళ్లలో అటకల మీంచి నీళ్లు కారడం చాలామందికి ఇంకా గుర్తే.

పరిష్కారం: కరెంటు వచ్చిన వెంటనే తెరిచే తేదీ ప్రకటించకూడదు. ముందు భవనం వేడెక్కాలి, తర్వాత నీళ్లు నెమ్మదిగా వదలాలి, ఆ తర్వాత మనిషి గదిగదికీ తిరగాలి. ముఖ్యంగా బయటి గోడల వెంట ఉండే టాయిలెట్లు, జిమ్ పైన, సీలింగులో దాగి ఉండే ఫైర్ స్ప్రింక్లర్ గొట్టాలు చూడాలి. స్ప్రింక్లర్లు పనిచెయ్యని భవనంలో పిల్లల్ని కూర్చోబెట్టాలంటే అగ్నిమాపక భద్రత చూసే అధికారి ఫైర్ మార్షల్ ఒప్పుకోవాలి. ఒక్క ఎలిమెంటరీ స్కూలు పాడైతే డిస్ట్రిక్ట్ మొత్తాన్ని మూసి కూర్చోనక్కర్లేదు. ఆ పిల్లల్ని పక్క క్యాంపస్‌కు మార్చొచ్చు, ముందే రాసిపెట్టుకున్న ప్లాన్ ఉంటే.

నీళ్ల మాట వేరే చెప్పాలి. కుళాయిలో నీళ్లు వస్తున్నంత మాత్రాన అవి తాగే నీళ్లు కావు. ఊళ్లో ప్రెజర్ పడిపోతే బాయిల్ వాటర్ నోటీసు ఇస్తారు. ఇంట్లో అయితే నీళ్లు తెర్లాక ఒక నిమిషం ఉంచితే చాలు. అదే ఎనిమిది వందల మంది పిల్లలకు ఎవరు కాస్తారు? డ్రింకింగ్ ఫౌంటెన్లు కట్టేసి, బాటిల్ నీళ్లు తెప్పించి, వండే పని లేని తిండి పెట్టగలిగితే నోటీసు ఉన్నా తెరవొచ్చు. టాయిలెట్లకే నీళ్లు లేకపోతే మాత్రం మారుమాట లేకుండా సెలవు. వంటగది ఫ్రిజ్‌లో నాలుగు గంటలకు మించి కరెంటు లేకపోతే పాలు, మాంసం పారెయ్యాల్సిందే. కొత్త సరుకు లారీ ఎప్పుడొస్తుందో తెలుసుకోకుండా బడి తెరిస్తే, స్కూల్ భోజనం మీదే ఆధారపడ్డ పిల్లలు ఆకలితో కూర్చుంటారు.

సమస్య: తెరిచారు, క్లాసులో సగం మందే ఉన్నారు

కారణం తల్లిదండ్రుల భయమే కానక్కర్లేదు. ఇంట్లో పైపు పగిలి హోటల్లో ఉన్నవాళ్లు, కారు బయటికి తియ్యలేనివాళ్లు కూడా ఉంటారు. మనవాళ్లలో చాలామంది మాత్రం "ఒక్కరోజు చదువు పోతుంది" అని ఎలాగైనా పంపాలని చూస్తారు. ఆ బెంగకు ఆధారం తక్కువ. మసాచుసెట్స్ బడుల లెక్కలు తీసి ఆర్థికవేత్త జాషువా గుడ్‌మన్ 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మంచు వల్ల బడి మొత్తం మూసిన రోజులు పిల్లల మార్కులను తగ్గించలేదు. బడి నడుస్తుండగా పిల్ల మానేసిన రోజులే తగ్గించాయి. అందరికీ సెలవైతే టీచరు పాఠాన్ని మర్నాటికి జరుపుకుంటుంది. సగం మంది వస్తే పాఠం చెప్పాలా ఆపాలా అని ఆమెకే తెలియదు. అందుకే అరకొర హాజరు తప్పదనిపించిన రోజున తెరవడం వల్ల ఒరిగేదేమీ లేదంటాను.

పోయిన గంటల లెక్కకు దారి ఉంది. టెక్సస్ చట్టం ఏడాదికి 75,600 నిమిషాల బోధన అడుగుతుంది. చాలా డిస్ట్రిక్టులు రోజుకు కొన్ని నిమిషాలు ఎక్కువ నడిపి ముందే కూడబెట్టుకుంటాయి. అవి అయిపోతే క్యాలెండర్లో గుర్తుపెట్టిన బ్యాడ్ వెదర్ డేలు సెలవు నుంచి బడి రోజులుగా మారతాయి. ఇండియా టికెట్లు కొనేముందు ఆ తేదీలు చూసుకోండి.

వర్చువల్ క్లాసు పెట్టొచ్చు కదా అనేవాళ్లకు: కరెంటు, ఇంటర్నెట్ అందరికీ ఉంటేనే. అవి లేని ఇళ్లు ఎక్కువగా ఉన్న రోజునే ఆ ఆలోచన వస్తుంది, అదే దానితో చిక్కు.

ఇక బడి తెరిచినా మీ వీధి బాగోలేదనిపిస్తే పిల్లను పంపకండి. అటెండెన్స్ ఆఫీసుకు ఫోనో మెయిలో చేసి కారణం రాసివ్వండి. తుఫాను మర్నాడు ప్రిన్సిపల్స్ ఇలాంటివి చాలావరకు ఒప్పుకుంటారు. డిలే ఇచ్చిన రోజున మాత్రం రెండు చూసుకోండి: పొద్దున టిఫిన్ పెడతారా లేదా, సగం పూట నడిచే ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కు ముందు) క్లాసు ఆ రోజు ఉందా లేదా. ఈ రెండూ డిస్ట్రిక్ట్ మెసేజ్‌లో ఎక్కడో కిందెక్కడో ఉంటాయి.