పిల్లలతో అమెరికా వెళ్తున్నారా? కాలేజీకి ముందే అప్లై చేస్తే సీటు వచ్చేస్తుందా అన్నదాని గురించి

ఏటా మే నెలలో పాలకొల్లులోని మా ఇంటికి ఎవరో ఒకరు వస్తారు. ఇంట్లో ఒకరికి అమెరికాలో ఉద్యోగం వచ్చి ఉంటుంది, వెంట పదో ఇంటరో పాసైన పిల్లలుంటారు. చలి కోట్లు, పచ్చళ్ల డబ్బాలు, ఇంటి అద్దెల సంగతులు అయ్యాక అసలు ప్రశ్న బయటికొస్తుంది. "అక్కయ్యగారూ, నవంబరు ఒకటిలోపు అప్లై చేసేస్తే కాలేజీ సీటు గ్యారంటీ అంటున్నారు, నిజమేనా అండి?"

పదహారేళ్లు న్యూజెర్సీలో ఉండి, ఇద్దరు పిల్లల్ని ఆ దారిలోంచి దాటించి వచ్చాను కాబట్టి నన్ను అడుగుతారు. నేను చెప్పేది ఒక్కటే. తేదీ ముందైనంత మాత్రాన సీటు రాదు. కొన్ని రకాల కాలేజీల్లో ముందు వేయడం నిజంగా కలిసొస్తుంది, కొన్నిచోట్ల దానికీ సీటుకీ సంబంధమే లేదు, కొత్తగా వచ్చిన పిల్లలకైతే ఒక్కోసారి నష్టం కూడా.

మన బుర్రలో "ముందు" అనే మాటకి ఉన్న అర్థం వేరు. భీమవరంలోనైనా అమలాపురంలోనైనా పదో తరగతి పరీక్షలు రాయకముందే ఇంటర్ కాలేజీల పీఆర్వోలు ఇంటికొస్తారు. ఇప్పుడే అడ్వాన్సు కట్టండి, ఫీజు తగ్గిస్తాం అంటారు. అక్కడ ముందు కట్టినవాడికే లాభం. ఈఏపీసెట్ కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు మొదటి రోజు పెట్టినా చివరి రోజు పెట్టినా ఒకటే, ర్యాంకే మాట్లాడుతుంది. అమెరికా పద్ధతి ఈ రెండింటిలో దేనికీ సరిపోదు.

అక్కడ ఎర్లీ డెసిషన్ అని ఒకటుంది. అది తాంబూలాలు పుచ్చుకోవడం లాంటిది. ఈ పద్ధతిలో ఒక్క కాలేజీకే వేయాలి. సీటు వస్తే చేరతామని పిల్లలు, తల్లిదండ్రులు, స్కూల్లో కాలేజీ అప్లికేషన్లు చూసే కౌన్సెలరు ముగ్గురూ సంతకం పెట్టాలి. ఎక్కువగా నవంబరు 1న గడువు, డిసెంబరు నడిమికి జవాబు. సీటొస్తే మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి. చాలా కాలేజీల్లో జనవరి మొదట్లో ఇదే పద్ధతి రెండో విడత ఉంటుంది, దాని ఫలితం ఫిబ్రవరిలో. ఎర్లీ యాక్షన్ వేరు. జవాబు ముందే వస్తుంది గానీ కట్టుబాటు లేదు, మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్ లాంటివి ఈ రెండో రకంలోనే ఒక షరతు పెడతాయి: మాకు ముందు వేస్తే ఇంకో ప్రైవేటు కాలేజీకి ముందు వేయకూడదు అని.

లాభం నిజంగా ఉండేది తాంబూలాల రకంలోనే. సీటిచ్చిన వాళ్లలో ఎంతమంది చేరతారో తెలియక కాలేజీలకి ఏటా పెద్ద టెన్షన్. తప్పకుండా చేరతానని సంతకం పెట్టినవాళ్లని అందుకే ఇష్టంగా తీసుకుంటాయి. 2003లో హార్వర్డ్ పరిశోధకులు అడ్మిషన్ రికార్డులు పరిశీలించి, ముందు వేయడం శాట్ అనే అక్కడి ప్రవేశ పరీక్షలో ఓ వంద మార్కులు ఎక్కువొచ్చినంత మేలు చేస్తోందని తేల్చారు. డబ్బున్న కుటుంబాల పిల్లలకే ఇది ఎక్కువ ఉపయోగపడుతోందన్న విమర్శ వచ్చి, హార్వర్డ్, ప్రిన్స్‌టన్ 2006లో ముందస్తు పద్ధతిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి, మళ్లీ 2011లో తెచ్చుకున్నాయి.

కానీ ఇంటర్నెట్‌లో కనబడే, ముందు వేసినవాళ్లలో ఇంతమందికి సీటొచ్చిందనే శాతాలు చూసి మోసపోకండి. ముందు వేసినవాళ్లలో కోచ్‌లు ముందే ఎంచుకున్న ఆటగాళ్లుంటారు, అదే కాలేజీలో చదివిన వాళ్ల పిల్లలుంటారు. వాళ్లని పక్కన పెట్టి చూస్తే మన పిల్లలకి మిగిలే లాభం ఆ అంకె చెప్పినంత ఉండదు.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల సంగతి ఇంకోలా ఉంటుంది. మన వాళ్ల పిల్లలు ఎక్కువమంది చేరేది వీటిలోనే కాబట్టి ఇది శ్రద్ధగా చదవండి. పర్డ్యూ, ఇల్లినాయ్ లాంటిచోట్ల ఎర్లీ యాక్షన్ గడువు నవంబరు 1. కంప్యూటర్ సైన్సు కావాలన్నా స్కాలర్‌షిప్పు కావాలన్నా ఆ తేదీ దాటనివ్వకండి, తర్వాత ఆ సీట్లు పలచబడిపోతాయి. పిట్స్‌బర్గ్ లాంటివి అప్లికేషన్లు వచ్చినవి వచ్చినట్టే చూసుకుంటూ పోతాయి, అక్కడ సెప్టెంబరులో వేసినవాళ్లకి మార్చిలో వేసినవాళ్లకంటే చోటు ఎక్కువ. కాలిఫోర్నియాలో బర్క్‌లీ, యూసీఎల్‌ఏ ఉన్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) కాలేజీలకి ముందస్తు అనేదే లేదు. అక్టోబరు మొదటి రోజు పంపినా నవంబరు చివర పంపినా ఒకే కట్టలో చూస్తారు. అక్కడ ఆ రెండు నెలలూ వ్యాసాలు దిద్దుకోవడానికి వాడుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది చెబుతాను, మీకు జరగకూడదని. మా పెద్దవాడు ఒక ప్రైవేటు కాలేజీ మీద మనసు పెట్టుకున్నాడు. అప్పటికి మేం హెచ్‌వన్ అనే ఉద్యోగ వీసా మీదే ఉన్నాం, పిల్లలది దాని వెంట కుటుంబానికిచ్చే హెచ్‌ఫోర్ వీసా. ఆ కాలేజీ సైట్‌లో మన ఆదాయం వేస్తే ఫీజు ఎంత పడుతుందో చూపించే లెక్క ఒకటుంది. అందులో వచ్చిన అంకె చూసి మా ఆయనా నేనూ నిశ్చింతగా సంతకం పెట్టేశాం. ఆ లెక్క పౌరులకీ గ్రీన్‌కార్డు వాళ్లకీ మాత్రమేనని కింద చిన్న అక్షరాల్లో ఉందట, మేం చదవలేదు. డిసెంబరులో సీటొచ్చింది, ఇల్లంతా పండగ. రెండు రోజులకి సాయం ఎంతో చెప్పే ఉత్తరం వచ్చింది. మేం అనుకున్నదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. వాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని అన్నం తినకుండా పైకి వెళ్లిపోయాడు.

ఇచ్చిన సాయం చాలకపోతే ఎర్లీ డెసిషన్‌లోంచి బయటికి రావచ్చు. మేమూ అడిగాం, వదిలేశారు. కానీ ఆ శరదృతువంతా ఒక్క అప్లికేషన్ మీదే కూర్చోవడంతో మా రాష్ట్ర విశ్వవిద్యాలయానికి నవంబరు గడువు దాటిపోయింది. రెగ్యులర్‌లో, అంటే ముందస్తు కాని మామూలు గడువుకి వేస్తే కాలేజీ దొరికింది గానీ వాడు కోరిన కంప్యూటర్ సైన్సు దొరకలేదు. అందుకే అడిగిన ప్రతివాళ్లకీ చెబుతాను. హెచ్‌ఫోర్ పిల్లలకి కేంద్ర ప్రభుత్వ సాయం రాదు. చాలా ప్రైవేటు కాలేజీలు వాళ్లని విదేశీ విద్యార్థుల లెక్కలో వేసి, కట్టగలరా లేదా అన్నది చూసే సీటిస్తాయి. పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ఏడాది ఖర్చు, హాస్టలు తిండి కలిపి, 80 వేల డాలర్లు దాటింది. సంతకం పెట్టేముందు కాలేజీ ఆర్థిక సాయం ఆఫీసుకి మీ వీసా ఏమిటో రాసి మెయిల్ పెట్టండి, జవాబు రాతలో తెప్పించుకోండి. నాలుగేళ్ల డబ్బు లెక్క తేలనిదే తాంబూలాలు వద్దు. ఎర్లీ యాక్షన్‌కి ఈ భయం లేదు, దానికి ధైర్యంగా వేయండి.

ఇక పిల్ల ఏ క్లాసులో వెళ్తోందన్నది చూసుకోవాలి. పది అయ్యాక వెళ్తే పదకొండులో చేరుతుంది, ఒక ఏడాది చేతిలో ఉంటుంది, కంగారు లేదు. ఇంటర్ మొదటి ఏడాది అయ్యాక వెళ్తే తిన్నగా పన్నెండే. ఆగస్టు చివర బడిలో అడుగుపెట్టిన పిల్లకి నవంబరు 1 అంటే గట్టిగా తొమ్మిది పది వారాలు. తనని ఎరిగిన టీచరు ఉండరు, సిఫార్సు ఉత్తరం ఎవరు రాస్తారు? ఒక్కో కౌన్సెలరు చేతికింద వందలమంది పిల్లలు. సార్వా ఊడ్పులయ్యాక చూడండి, మొదటి వారం చేను పాలిపోయి ఉంటుంది, వేరు పట్టాక తేరుకుంటుంది. కొత్త స్కూల్లో మొదటి మార్కులూ అలాగే ఉంటాయి. రెగ్యులర్‌లో వేస్తే జనవరిలో వచ్చే సెమిస్టరు మార్కులు కూడా కాలేజీకి వెళ్తాయి, తేరుకున్న పిల్ల కనబడుతుంది. అలాంటి పిల్లని నవంబరుకి తోయకండి. ఇక్కడి లెక్చరర్ కూడా ఉత్తరం పంపవచ్చు, ఇంగ్లీషులో ఉంటే చాలు. వెళ్లేముందే వాళ్ల మెయిల్ ఐడీ తీసుకోండి, మాట తీసుకోండి.

బయల్దేరే లోపు చేయాల్సిన పని ఇంకొకటుంది, దీన్ని నూటికి తొంభైమంది మర్చిపోతారు. మనకి పదో తరగతి మెమో ఉంటే చాలు, తొమ్మిదో తరగతి ఎవరికీ పట్టదు. అక్కడ హైస్కూలు మొదలయ్యేదే తొమ్మిదితో, కాలేజీ ఆ మార్కులు కూడా అడుగుతుంది. ప్రోగ్రెస్ కార్డు ఏ అటక మీదో ఉంటుంది, లేదా పోయి ఉంటుంది. బడికెళ్లి, సబ్జెక్టు వారీగా మార్కులు ఇంగ్లీషులో టైపు చేయించి, సంతకం, సీలు వేయించుకోండి. నాలుగు కాపీలు, నాలుగూ సీలు వేసిన కవర్లలో. మెమోలకి లామినేషన్ చేయించకండి, తర్వాత ఏ ముద్రా వాటి మీద వేయలేరు.

ఈ ఏడాది పెనుగొండ నుంచి వచ్చిన ఒక కుటుంబం ఈ మాట విని టికెట్లు పది రోజులు వెనక్కి జరుపుకున్నారు, మే నెలలో బడికి తాళమే కదా. జూన్‌లో బడి తెరిచిన రోజే వెళ్లారట. హెడ్‌మాస్టరుగారు బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి, అట్ట మీద దుమ్ము కండువాతో దులిపి, వేలు పెట్టి ఆ అమ్మాయి వరస వెతికి, మార్కులు ఒక్కొక్కటీ పైకి చదువుతుంటే తనే పక్కన నిలబడి రాసుకుందట.