తూపిలిపాలెం తీరంలో పక్షుల లెక్కకు వెళ్లే ముందు

తిరుపతి నుంచి తెల్లవారుజామున బయలుదేరే ముందు వాతావరణ హెచ్చరిక చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. వాయుగుండం ఉందంటే ప్రయాణం మానుకోండి.

మనకు సముద్రం తూర్పున. బైనాక్యులర్‌లోంచి పొరపాటున సూర్యుణ్ణి చూస్తే చూపు పోవచ్చు. పొద్దెక్కేదాకా ఉత్తరానికో దక్షిణానికో తిరిగి నిలబడండి.

అసలు కష్టం లెక్కలోనే. పెద్ద గుంపు వస్తే టెన్షన్ పడొద్దు. ముందు పది పక్షులు లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు పట్టాయో చూసి, ఆ కొలతతో మిగతా గుంపును అంచనా వేయండి. టైము, ఎటు వెళ్లాయన్నది అప్పటికప్పుడే రాయండి. సముద్రపక్షుల్లో అది ‘గల్’ రకమో ‘టెర్న్’ రకమో తేలకపోతే ‘గుర్తుపట్టలేదు’ అనే రాయండి, ఊహించి పేరు పెట్టకండి.

ఇసుకలో వాలిన గుంపును ఫొటో కోసం లేపకండి. ఎంతో దూరం ఎగిరి అలసి వచ్చాయి పాపం.

నీళ్లు, టోపీ ఎలాగూ ఉంటాయి. శ్రీహరికోట వైపు మాత్రం అనుమతి లేకుండా చెక్‌పోస్టు దాటొద్దు.