లీజుపై సంతకం పెట్టే ముందు బడి దారి నడిచి చూడండి

అమెరికాలో ఉద్యోగం మారి కొత్త నగరానికి వెళ్లే మన కుటుంబాలు చాలావరకు ఇళ్ల వెబ్‌సైట్లలో పదికి ఇంత అని కనిపించే రేటింగును చూసి బడిని ఎంచుకుంటున్నాయి. ఆ అంకెకు ప్రధాన ఆధారం పరీక్షల మార్కులు. ఆ మార్కులపై తల్లిదండ్రుల ఆదాయ ప్రభావం ఎక్కువ కనుక, బడి పిల్లలను ఎలా చూసుకుంటుందో అది చెప్పదు. ప్రతి ప్రభుత్వ పాఠశాలలో ఏయే జాతుల పిల్లలు ఎందరున్నారో అమెరికా ప్రభుత్వ విద్యా గణాంకాల సంస్థ అయిన నేషనల్ సెంటర్ ఫర్ ఎడ్యుకేషన్ స్టాటిస్టిక్స్ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. అన్ని వర్గాల వారూ తగినంత మంది ఉన్న తరగతిలో మన బిడ్డ ఒంటరిగా మిగిలిపోదు. నా దృష్టిలో రేటింగు కన్నా ఇదే ఎంతో ముఖ్యం.

ప్రభుత్వ బడిలో ప్రవేశం సాధారణంగా ఇంటి చిరునామాను బట్టి ఉంటుంది, వీధికి అవతలి ఇల్లు వేరే బడి పరిధిలో ఉండవచ్చు కాబట్టి, ముందుగా స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) వెబ్‌సైటులో మీరు అద్దెకు తీసుకోవాలనుకుంటున్న ఇంటి చిరునామాను సరిచూసుకుని, తరగతిలో ఖాళీ ఉందో లేదో బడి ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. ఆ తరువాత ఒక పనిదినాన, బడి మొదలయ్యే వేళకు, ఆ ఇంటి నుంచి బడి వరకు పిల్లల నడక వేగంతో నడవండి. మ్యాపులో అర మైలే అనిపించే దారిలో కాలిబాట మధ్యలోనే ఆగిపోవచ్చు, లేదా సిగ్నల్ లేని పెద్ద రోడ్డు అడ్డురావచ్చు. రోడ్డు దాటించే గార్డు ఎక్కడ నిలబడతారో, పిల్లలు నడిచి వస్తున్నారో లేక గేటు ముందు కార్ల వరుసే ఉందో గమనించండి. చాలా డిస్ట్రిక్టులు బడికి దగ్గరగా ఉన్న ఇళ్లకు బస్సు నడపవు కనుక, మంచు కురిసే రోజున కూడా ఆ దారినే వెళ్లాలి.