కోరిన కాలేజీ ఫీజు భారమైనప్పుడు

పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయంలోనే ఇంజనీరింగ్ చదువుతానని పిల్లలు పట్టుబట్టినప్పుడు, వద్దనే ముందు అక్కడ వారికి నచ్చింది బ్రాంచా, ప్రాంగణమా, స్నేహితులు చేరడమా అని అడిగి తెలుసుకోవాలి. బ్రాంచే ముఖ్యమైతే వేరే దారులు చాలానే ఉన్నాయి.

మొదట ఒక తెల్లకాగితం మీద నాలుగేళ్ల ఖర్చంతా రాయండి. ట్యూషన్ ఫీజుతో పాటు హాస్టలు, మెస్సు, బస్సు, పరీక్ష ఫీజులు కూడా అందులో ఉండాలి.

తరువాత రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష అయిన ఎప్‌సెట్ కౌన్సెలింగ్ వెబ్‌సైటులో, గత ఏడాది సీటు దొరికిన చివరి ర్యాంకుల జాబితా తెరిచి, మీ ర్యాంకును కాలేజీ, బ్రాంచి, కేటగిరీల వారీగా పోల్చి చూడాలి. ఉస్మానియా, ఆంధ్రా, జేఎన్‌టీయూ వంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల కాలేజీలను ఆప్షన్లలో ముందు పెట్టడం మంచిది. అయితే అక్కడ కూడా సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులకు రెగ్యులర్ కోర్సుల కంటే ఎక్కువ ఫీజు ఉంటుంది కనుక, సీటు ఏ విభాగానిదో చూడకుండా ఆప్షన్ ఇవ్వకూడదు. (తొందరలో చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.)

జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకు వస్తే, కేంద్ర ప్రభుత్వ కాలేజీలైన ఎన్‌ఐటీలనూ చూడండి; వరంగల్, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికే ఉంటాయి. ఎన్‌ఐటీలలో కుటుంబ వార్షికాదాయం 1 లక్ష లోపు ఉన్నవారికి ట్యూషన్ ఫీజు పూర్తిగా, 1 నుంచి 5 లక్షల మధ్య ఉన్నవారికి మూడింట రెండు వంతులు మాఫీ అవుతుంది కాబట్టి, ఆదాయ ధ్రువపత్రాన్ని ముందే సిద్ధం చేసుకోవాలి.

ఇంట్లో పదో తరగతి చదివేవారుంటే, మనవాళ్లు అకారణంగా చిన్నచూపు చూసే పాలిటెక్నిక్‌నూ పరిశీలించండి. పదో తరగతి తరువాత రాసే పాలిసెట్ ప్రవేశ పరీక్షతో డిప్లొమాలో చేరి, ఆపైన డిప్లొమా వారికి పెట్టే ఈసెట్‌లో ర్యాంకుతో సీటు తెచ్చుకున్నవారు బీటెక్ నేరుగా రెండో సంవత్సరంలో చేరతారు.